వెళ్ళిపోయినవాళ్ళ ఫైలు

ఆ ఉద్యోగం నాకు ఆయన పోయాక ఇచ్చారు.

రాజమండ్రి శివార్లలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో మా ఆయన బాయిలరు సెక్షన్ సూపర్‌వైజరు. ఎనభైల నడుమ ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే ధవళేశ్వరం రోడ్డు మీద లారీ స్కూటర్ని గుద్దేసింది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మా అమ్మాయికి నాలుగు. మాసికం పెట్టిన మర్నాడు ఫ్యాక్టరీ నుంచి మనిషి వచ్చాడు.

"మీరు బీఎస్సీ లెక్కలు చదివారట కదండీ. కంప్యూటరు సెక్షన్లో ఖాళీ ఉందండి. మేనేజరు గారు రేపోసారి రమ్మన్నారు" అన్నాడు.

మా అత్తయ్యగారు తలుపు పక్కన నిలబడి విన్నారు. "వెళ్ళమ్మాయీ" అన్నారు. వెళ్ళాను. వెళ్ళాలనీ అనిపించలేదు, వద్దనీ అనిపించలేదు.

కంప్యూటరు గది మేడ మీద ఉండేది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఊరంతా వడగాలికి తలుపులు మూసుకుని కూర్చునే మే నెలలో కూడా మేము స్వెట్టర్లు వేసుకునేవాళ్ళం. గది మధ్యలో బీరువాలంత మిషన్లు నాలుగు, గోడవారగా స్క్రీన్లు. నా పని కాగితం మీద ఉన్నదాన్ని స్క్రీను మీదకి ఎక్కించడం. పొద్దున్న ఎనిమిదిన్నరకి కూర్చుంటే సాయంత్రం అయిదున్నర దాకా అదే. వేళ్ళు పనిచేస్తే సరిపోయేది. నాకు సరిగ్గా సరిపోయిన ఉద్యోగం.

మూడో వారంలో అనుకుంటాను, నా ముందుకు వచ్చిన కట్టలో ఆయన ఫారం ఉంది. ఫ్యాక్టరీ వదిలి వెళ్ళినవాళ్ళకి ఒక ఫారం నింపేవారు. పేరు, టోకెను నంబరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, కారణం. రిటైరయితే ఒకటి, రాజీనామా అయితే రెండు, తీసేస్తే మూడు, చనిపోతే నాలుగు. పక్క సీటులో ఆవిడ నా చేతిలో కాగితం చూసి, "ఇటివ్వండి, నేను కొడతాను" అంది.

"పర్లేదండి" అని నేనే కొట్టాను. కారణం దగ్గర నాలుగు కొట్టి తర్వాతి ఫారం తీసుకున్నాను. ఆవిడ లేచి బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదన్న ఆలోచన కూడా రాలేదు.

అలా ఏడాది గడిచింది. ఇంట్లో మా అత్తయ్యగారు వంట చేసేవారు. నేను పిల్లకి జడ వేసి, క్యారేజీ తీసుకుని ఫ్యాక్టరీ బస్సెక్కేదాన్ని. ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

ఒక రోజు డిస్పెన్సరీ కాంపౌండరు గారు మేడమెక్కి వచ్చారు. నెరిసిన జుట్టు, నిదానమైన మనిషి. ఆ రోజు మాత్రం మా ఇన్‌చార్జి గారి బల్ల ముందు నిలబడి గట్టిగానే మాట్లాడారు.

"ఏంటండీ ఇది? టోకెను నంబరు కొట్టి, వెళ్ళి టీ తాగొచ్చినా మీ మిషను ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. బెంచీ మీద పదిమంది కూర్చుని ఉంటారు. నా వల్ల కాక అడగడం మానేశాను."

"మానేస్తే ఎలాగండీ? ఎవరికి ఏ మందు పడదో అందులోనే కదా ఉంటుంది."

"మనిషినే అడుగుతున్నానండి, సూది పడుతుందా అని. పడుతుందనే అంటారు. వాళ్ళకేం తెలుసు?"

సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీలో చేరిన ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి టోకెను ఒకటి ఇచ్చేవారు. డిస్పెన్సరీలో ఉన్న స్క్రీను మీద ఆ నంబరు కొడితే మనిషి పేరు, రక్తం గ్రూపు, పడని మందులు కనిపించాలి. కనిపించేవి. ఎప్పుడన్నదే సమస్య.

మా ఇన్‌చార్జి గారు మంచివారే కానీ ఆయనకూ దారి తెలియలేదు. అక్కడి ప్రోగ్రాములు నూటయాభై పైచిలుకు. అన్నీ డెబ్భైల్లో రాసినవి. రాసినవాళ్ళలో ఒక్కరూ ఫ్యాక్టరీలో మిగల్లేదు. నడుస్తున్నంతకాలం వాటి జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. మిషను పాతదైపోయింది, వాడేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకే నిదానం అని అందరూ అనుకునేవారు. కొత్త మిషను కావాలని మద్రాసు ఆఫీసుకి రాస్తే, ఏ పనికి ఎంతసేపు పడుతోందో ముందు వివరంగా రాసి పంపమన్నారు.

ఇన్‌చార్జి గారు గది అంతా ఒకసారి చూసి నా దగ్గరికి వచ్చారు. "ఇది విసుగు పనండి. ఇంకెవరికిచ్చినా రెండో రోజుకి మానేస్తారు. మీరు చేయగలరా?"

చేస్తానన్నాను. విసుగు పుట్టాలన్నా మనసులో ఏదో ఒకటి కదలాలి.

ఒక రూళ్ళ నోటుబుక్కు, సెకండ్ల ముల్లున్న టేబులు గడియారం ఇచ్చారు. ఎవరు ఏం అడిగినా, మీట నొక్కిన క్షణం ఒకటి, జవాబు వచ్చిన క్షణం ఒకటి రాసుకోవాలి. శెలవు ఎంత మిగిలింది? నాలుగు సెకండ్లు. ఏ షిఫ్టు? మూడు సెకండ్లు. క్వార్టరు ఏది? అయిదు. డిస్పెన్సరీ కార్డు? మూడు నిమిషాల నలభై సెకండ్లు. మళ్ళీ డిస్పెన్సరీ కార్డు? మూడు నిమిషాల నలభై రెండు. ఆ ముల్లు తిరుగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. మూడు నిమిషాల నలభై సెకండ్లలో నా తలలోకి ఒక్క మాటా వచ్చేది కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసి జాలిపడుతున్నారని తెలుసు. అది కూడా అద్దం అవతల జరుగుతున్నట్టే ఉండేది.

మూడో వారానికి నోటుబుక్కులో ముప్ఫై పేజీలు నిండాయి. అప్పుడు ఒక విషయం కంటికి ఆనింది. పొద్దున్నే గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అడిగినా డిస్పెన్సరీ కార్డుకి అంతే సేపు పడుతోంది. పది స్క్రీన్ల మీద అందరూ పనిచేస్తున్నప్పుడు ఇంకో పది, పదిహేను సెకండ్లు ఎక్కువ, అంతే. అంటే జనం ఎక్కువవడం కారణం కాదు. చిన్న నంబరు అడిగినా, పెద్ద నంబరు అడిగినా, పాతవాడైనా, నిన్న చేరినవాడైనా ఒకటే సమయం. అంటే ఆ మనిషిని వెతకడానికి పట్టే సమయం కాదది. జవాబు చెప్పే ముందు ప్రతిసారీ ఇంకేదో పని మొదటి నుంచి చివరిదాకా చేస్తోంది.

ఇన్‌చార్జి గారికి నోటుబుక్కు చూపించి, "ఆ ప్రోగ్రాము అచ్చు తీసి ఇస్తారాండీ?" అని అడిగాను.

"మీకు ప్రోగ్రాములు వచ్చా?"

"రావండి. చదివి చూస్తాను."

మడతలు మడతలుగా ఉన్న పొడుగు కాగితం, నలభై నాలుగు పేజీలు. ఇంగ్లీషు మాటల్లోనే రాసి ఉండేది కాబట్టి ఓపిక ఉంటే ఎంతోకొంత అర్థమయ్యేది. అర్థం కానిచోట ఇన్‌చార్జి గారిని అడిగేదాన్ని. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, క్యారేజీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. పన్నెండు రోజులు పట్టింది. ముప్ఫై ఒకటో పేజీలో దొరికింది. కార్డు చూపించే ముందు ప్రోగ్రాము ఇంకో ఫైలు తెరుస్తోంది. ఫ్యాక్టరీ వదిలి వెళ్ళిపోయినవాళ్ళ ఫైలు అది. మొదటి మనిషి దగ్గర మొదలుపెట్టి ఆఖరి మనిషి దాకా ఒక్కొక్కరినీ చదువుతోంది. ఆ పైన ఒకే ఒక్క వాక్యం ఉంది, దీన్ని తీసేయవద్దు అని. కింద రెండక్షరాల పొడి సంతకం.

"ఇంతేనా!" అన్నారు ఇన్‌చార్జి గారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "డిస్పెన్సరీకి వచ్చే మనిషి కోసం వెళ్ళిపోయినవాళ్ళని చదవడమేంటండీ? ఈ ముక్క తీసేస్తే సరి."

"ఎందుకు పెట్టారో కనుక్కుని తీద్దామండి."

"రాసినాయన రిటైరై కోరుకొండలో ఉంటున్నారు. ఉత్తరాలకి జవాబివ్వరు. మీరు వెళ్ళొస్తారా?"

వెళ్ళాను. కోరుకొండ బస్సు దిగితే కొండ ఎదురుగా ఉంటుంది. ఆయన ఇల్లు కొండ కిందే, మెట్ల దారికి నాలుగిళ్ళ అవతల. పెద్దాయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. చెవులు కొంచెం మందం. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి, "గట్టిగా మాట్లాడండమ్మా" అని చెప్పి లోపలికి వెళ్ళారు. నేను ముప్ఫై ఒకటో పేజీ చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది తీసేస్తారా?" అన్నారు.

"ఎందుకు పెట్టారో చెబితే చూస్తామండి."

ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకుని చెప్పారు. ఫ్యాక్టరీలో నంబర్లు అయిపోతుంటే, వెళ్ళిపోయినవాళ్ళ టోకెన్లు కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చేవారట. అలా ఒక పాత మనిషి నంబరు పెద్దాపురం వైపు నుంచి వచ్చిన ఒక కొత్త మనిషికి వెళ్ళింది. డిస్పెన్సరీ కార్డు మాత్రం మార్చలేదు. అతనికి కాలి మీద పుండు లేస్తే డిస్పెన్సరీకి వెళ్ళాడు. నంబరు కొట్టారు. పాత మనిషి కార్డు వచ్చింది. పెన్సిలిన్ పడుతుందని ఉంది. సూది వేశారు.

"అక్కడే పడిపోయాడమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు. ఎంక్వైరీ చేశారు. నా ప్రోగ్రాములో తప్పు లేదన్నారు. నిజమే, నేను ఏం చెయ్యమన్నానో అదే చేసింది. నంబరు అడిగారు, ఆ నంబరు కార్డు ఇచ్చింది. మనిషిని ఎవరూ అడగలేదు." ఒళ్ళో కాగితం మీద వేలు పెట్టారు. "ఆ తర్వాత పెట్టాను ఇది. ఎవరి కార్డు అడిగినా ముందు వెళ్ళిపోయినవాళ్ళందరినీ చూసుకుంటుంది. అదే నంబరు ఇంకెవరికైనా ఉండి ఉంటే రెండు పేర్లూ చూపించి, మనిషి పేరు అడిగి చూసుకోమంటుంది. అప్పుడు ఆ ఫైల్లో రెండు వందల మంది ఉండేవారు. పది సెకండ్లు పట్టేది. ఇప్పుడెంతమంది?"

"నాలుగు వేలు దాటారండి."

"అంతమంది వెళ్ళిపోయారా!" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "మీరెప్పుడు చేరారమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఎలా చేరానో కూడా చెప్పాను. "అయితే మీవారు కూడా అందులోనే ఉంటారు" అన్నారు.

"ఉన్నారండి. నేనే ఎక్కించాను."

బస్సుకి ఇంకా గంట ఉంటే, ఆయన పెన్సిలు తీసుకుని ఆ కాగితం వెనకాలే దారి చూపించారు. డిక్షనరీలో మాట కోసం మొదటి పేజీ నుంచి చదవం కదా, అలాగే వెళ్ళిపోయినవాళ్ళని కూడా నంబర్ల వరసలో సర్ది, ఎవరు ఎక్కడున్నారో చెప్పే చిన్న పట్టిక ఒకటి కడితే, ప్రోగ్రాము నేరుగా ఆ నంబరు దగ్గరికే వెళ్తుంది. "కానీ నంబర్లు శుద్ధిగా ఉండాలమ్మా. కొందరికి ముందు సున్నా ఉంటుంది, కొందరికి ఉండదు. అన్నీ చదివేది కాబట్టి నాకు ఎలా రాసినా దొరికేవి. మీకు ఒక్క సున్నా తేడా ఉన్నా ఆ మనిషి దొరకడు."

కాబట్టి నాలుగు వేల పైచిలుకు పేర్లు అచ్చు తీసి, హాజరు రాసే టైమాఫీసు పాత రిజిస్టర్లతో ఒక్కొక్కటీ సరిచూడాల్సి వచ్చింది. ఆ పని కూడా నాకే వచ్చింది. రిజిస్టర్లు చెదలు పట్టి ఉండేవి. స్కేలు పెట్టి వరస మీద వరస చదివేదాన్ని. నంబరు, పేరు, ఊరు, వెళ్ళిన కారణం. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, నాలుగు. మొగల్తూరు నుంచి వచ్చినవాళ్ళు ఒకే ఇంటిపేరుతో ఆరుగురున్నారు. ఒకే రోజు నాలుగు పడినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకేమైందో నేను ఎవర్నీ అడగలేదు.

ఒక గురువారం ఆయన వరస వచ్చింది. స్కేలు అక్కడ ఆగింది. రిజిస్టరు తీసి చూశాను. నంబరు సరిగ్గానే ఉంది. తప్పు లేకుండా ఎక్కించానన్నమాట. టిక్కు పెట్టబోతూ రిజిస్టర్లో అదే నంబరు ఎదుట ఇంకో సిరా రంగుతో ఇంకో పేరు చూశాను. ఆయన టోకెను ఇంకొకరికి ఇచ్చేశారు. అదే బాయిలరు సెక్షన్లో. ఆయన పోయిన ఎనిమిది నెలలకి.

టిక్కు పెట్టి, తర్వాతి వరసకి వెళ్ళాను. ఆ రోజు ఇంకా నూటపది పేర్లు చూశాను. నాకు ఏమైనా అనిపించిందా అని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయన్నది గుర్తుంది. ఆ గదిలో అందరి వేళ్ళూ చల్లగానే ఉండేవి.

రెండు నెలలకి ఫైలు సిద్ధమైంది. ఇన్‌చార్జి గారు కొత్త ముక్క రాశారు. ముందు మేడ మీదే పరీక్షించి చూద్దామని, కాంపౌండరు గారిని పైకి పిలిచారు.

"ఇద్దరికి ఇచ్చిన నంబరు ఒకటి చెప్పండి" అన్నారు ఇన్‌చార్జి గారు.

నాకు నోటికొచ్చింది ఒకటే. చెప్పాను. ఆయన కొట్టారు. మూడు సెకండ్లు. స్క్రీను మీద రెండు పేర్లు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. మొదటిదాని పక్కన వెళ్ళిపోయారని ఉంది. కింద, మనిషి పేరు అడిగి సరిచూసుకోండి అన్న హెచ్చరిక.

ఇన్‌చార్జి గారు పైపేరు చదివి నా వైపు తిరిగారు. ఆయన చెయ్యి మీటల మీదే ఉండిపోయింది. "అయ్యో, వేరేది కొడదామండి" అన్నారు.

"వద్దండి. ఇద్దరున్నారు, ఇద్దరూ వచ్చారు. సరిగ్గానే పనిచేస్తోంది."

కాంపౌండరు గారు గోడ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. మా ఆయన ఈయన దగ్గరే నెలకోసారి తలనొప్పి మాత్రలు తీసుకునేవారని నాకు అప్పుడు తెలిసింది. "నవ్వుతూ వచ్చేవారండీ మీవారు. తలనొప్పితో నవ్వుతూ వచ్చే మనిషిని ఇంకెవర్నీ చూడలేదు" అన్నారాయన. ఆ తలనొప్పి సంగతి మా ఆయన నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజంతా నేను అదే తలుచుకుంటూ ఉన్నాను. తలుచుకుంటూ ఉన్నానని కూడా తెలిసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా అత్తయ్యగారు మామూలుగా అడిగే మాటే అడిగారు. "ఇవాళ ఏం చేశావమ్మాయీ?"

మామూలుగా నేను చెప్పే మాట 'ఏముందండీ, రోజూ ఉండేదే' అని. ఆ రోజు మొత్తం చెప్పాను. గడియారం, నలభై నాలుగు పేజీలు, కోరుకొండ, సూది పడక పోయిన మనిషి, అన్నీ. నంబరు సంగతి చెప్పగానే ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వాడి నంబరు ఇంకొకళ్ళకి ఇచ్చేశారా? మనతో ఓ మాటైనా చెప్పకుండా?"

"అందరివీ ఇస్తారండి."

"అందరివీ ఇస్తారేమో. వాడిది ఎలా ఇస్తారు?" అని కంచం పక్కకి నెట్టేశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఏడాదిన్నరలో నా ముందు ఆవిడ ఏడవడం అదే మొదలు. ఇన్నాళ్ళూ నేను బెంగపడతానని పెరట్లోకి వెళ్ళి ఏడ్చేవారట. మా అమ్మాయి లేచి వెళ్ళి నాన్నమ్మ వీపు మీద చెయ్యి వేసింది. నేను మజ్జిగ కలుపుతూ ఉండిపోయాను. కాసేపటికి ఆవిడే తేరుకుని అడిగారు.

"ఎవరి పిల్లాడట?"

"తెలీదండి. అమలాపురం అవతల ఏదో ఊరని రాసి ఉంది."

"పెళ్ళయిందా?"

"రిజిస్టర్లో భార్య పేరుందండి."

"సరే" అన్నారు. కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుని, "అతనికి ఏ మందు పడదో రాశారా సరిగ్గా?" అన్నారు.

మర్నాడు వెళ్ళి చూశాను. ఏమీ రాసి లేదు. గడి ఖాళీ. కాంపౌండరు గారికి చెబితే ఆయన అతన్ని పిలిపించి, పరీక్ష చేయించి నింపారు. అలాంటి ఖాళీలు ఇంకా మూడు వందల దాకా ఉన్నాయని చూస్తే తేలింది. అవన్నీ నింపడానికి ఆరు నెలలు పట్టింది. కాంపౌండరు గారు ప్రతి సూదికీ ముందు మిషన్ని అడగడం మళ్ళీ మొదలుపెట్టారు. మద్రాసు ఆఫీసు వాళ్ళు, పాత మిషనుతోనే పని జరుగుతోంది కదా అని కొత్తది ఇవ్వలేదు. ఇన్‌చార్జి గారు ఆ సంగతి చెబుతూ నవ్వారు. నన్ను మాత్రం ప్రోగ్రాములు నేర్చుకోవడానికి మూడు నెలలు హైదరాబాదు పంపించారు. పిల్లని మా అత్తయ్యగారు చూసుకున్నారు.

కోరుకొండ పెద్దాయనకి ఉత్తరం రాశాను, మూడు సెకండ్లు పడుతోందనీ, హెచ్చరిక అలాగే ఉంచామనీ. ఉత్తరాలకి జవాబివ్వరన్న మనిషి కార్డు ముక్క రాశారు. 'చాలా సంతోషం. ఇప్పుడు నిద్ర పడుతుందో లేదో చూడాలి' అని ఉంది.

నేను బాగుపడ్డాననీ, ఆ రోజు నుంచి మామూలు మనిషినయ్యాననీ చెప్పలేను. తర్వాత కూడా చాలాకాలం అలాగే ఉన్నాను. ఆయన తలనొప్పిని తలుచుకున్న రోజు లాంటి రోజులు నెలకొకటి, తర్వాత రెండు, అలా వచ్చేవి. ఎప్పుడు ఎక్కువయ్యాయో లెక్క రాసిపెట్టుకోలేదు.

ఆ దశాబ్దం చివర్లో కొత్త మిషను వచ్చింది. ప్రోగ్రాములన్నీ కొత్తగా రాయాల్సి వస్తే, డిస్పెన్సరీది నేను రాశాను. కొత్తగా చేరిన ఇంజినీర్లు దాన్ని చూసి, వెళ్ళిపోయినవాళ్ళని ఎందుకు వెతుకుతున్నారు మేడం, దండగ కదా అని అడిగేవారు. కూర్చోమని, పెద్దాపురం వైపు నుంచి వచ్చిన ఆ మనిషి సంగతి చెప్పేదాన్ని. విన్నవాళ్ళెవరూ తీసేద్దామని మళ్ళీ అనలేదు.